నుమాయిష్ ఆనందానికి భద్రతే పునాది

నల్గొండ: జనవరి వచ్చిందంటే జిల్లాల నుంచి జనం హైదరాబాద్ నాంపల్లి మైదానానికి తరలివెళ్లడం తరతరాల ఆనవాయితీ. కశ్మీరీ శాలువాలు, లక్నో కుర్తాలు, వేడివేడి మిరపకాయ బజ్జీలు, పిల్లలకు జెయింట్ వీల్, చిన్న రైలు.. చలి సాయంత్రాల్లో ఇంటిల్లిపాదీ కలిసి తిరిగే వేడుక ఇది. నెలన్నర పాటు సాగే నుమాయిష్‌ను కేవలం సంతగా చూస్తే మాత్రం దాని విలువ బోధపడదు.

చదువుకు అండ

1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు హైదరాబాద్ సంస్థాన ఆర్థిక స్థితిగతులపై సర్వే చేయదలిచారు. అందుకు నిధుల కోసం పబ్లిక్ గార్డెన్స్‌లో స్థానిక ఉత్పత్తుల ప్రదర్శనకు శ్రీకారం చుట్టారు. 1946లో అది నాంపల్లికి మారింది. ఎగ్జిబిషన్ సొసైటీ తన రాబడిని విద్యాసంస్థల నిర్వహణకు వెచ్చిస్తోంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ వంటివి ఈ కోవలోనివే. ప్రవేశ టికెట్టు కొన్న ప్రతి సందర్శకుడూ పరోక్షంగా ఆడపిల్లల చదువుకు చేయూతనిచ్చినట్లే.

2019 నేర్పిన పాఠం

2019 జనవరి 30 రాత్రి చెలరేగిన మంటలు వందలాది దుకాణాలను బూడిద చేశాయి. ప్రాణనష్టం జరగకపోయినా ఎందరో చిరువ్యాపారుల పెట్టుబడి కళ్లెదుటే కాలిపోయింది. గుడ్డ, చెక్కతో పక్కపక్కనే వెలిసే తాత్కాలిక దుకాణాల్లో నిప్పు ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి రుజువైంది. మరుసటి ఏడాది దుకాణాల సంఖ్య తగ్గించి, దారులు వెడల్పు చేసి, మంటలార్పే నీటి ఏర్పాట్లు మెరుగుపరిచారు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. దుకాణాలు పెరిగితే రాబడి పెరుగుతుంది. దారులు ఇరుకైతే ముప్పు పెరుగుతుంది. రాబడి సత్కార్యానికే వెళ్తున్నా, దానికి ఆధారం జనం నమ్మకం. కరోనా కారణంగా 2021లో నుమాయిష్ జరగలేదు. జనం రాని ఏడాది అంటే ఏమిటో నిర్వాహకులకు అనుభవమే. కనుక దారుల వెడల్పును ఖర్చుగా కాక పెట్టుబడిగా చూడాలి. అగ్నిమాపక, విద్యుత్ తనిఖీలు ప్రారంభోత్సవానికి ముందు ఒక్కసారితో ముగియరాదు. చివరి రోజు వరకూ కొనసాగాలి.

సందర్శకులకూ బాధ్యత

జిల్లా నుంచి వెళ్లేవారు ఎల్బీనగర్‌లో బస్సు దిగితే మెట్రోలో నేరుగా గాంధీభవన్ స్టేషన్ చేరవచ్చు. సెలవు రోజుల కంటే పనిదినాల్లో వెళ్తే తిరిగి చూడటం తేలిక. లోపలికి వెళ్లగానే బయటికి వచ్చే ద్వారాలను గుర్తుపెట్టుకోవాలి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ ఉంచాలి. క్షేమంగా ఇల్లు చేరినప్పుడే వేడుక సంపూర్ణమవుతుందని నిర్వాహకులు, అధికారులు, సందర్శకులు గుర్తించాల్సిన అవసరం ఎంతైనా ఉంది.