మనసు కుదుటపడితే చాలా? ఒంటి సంగతి ఎవరు చూడాలి?

"బాగాయానికి తీసుకుపోయి చూపించండి" అంటే వేలూరు, గుడియాత్తం తెలుగు ఇళ్లలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. సీఎంసీ మానసిక వైద్య కేంద్రం అక్కడే ఉంది. చిత్తూరు, పలమనేరు వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చేవాళ్లకూ ఆ పేరు పరిచయమే. చెవుల్లో మాటలు వినిపిస్తున్నాయని, ఎవరో తరుముతున్నారని అల్లాడిన మనిషి మందులతో కుదుటపడతాడు. నిద్ర పడుతుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

ఆరు నెలలు గడిచేసరికి చొక్కా గుండీలు పట్టవు. "ఒళ్లు చేశాడు, బాగున్నాడు" అని చుట్టాలు సంతోషిస్తారు. రాత్రిపూట నాలుగుసార్లు లేచినా, చెంబులకు చెంబులు నీళ్లు తాగినా "మందుల వేడి" అని సరిపెట్టుకుంటారు. అది షుగరు అయి ఉండొచ్చని ఎవరికీ తట్టదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సైకోసిస్‌కు వాడే మందుల్లో కొన్ని, ముఖ్యంగా ఓలాంజపిన్, క్లోజపిన్, ఆకలిని బాగా పెంచుతాయి. మత్తుగా ఉండటంతో కదలిక తగ్గుతుంది. అసలు జబ్బే మనిషిలో చురుకుదనాన్ని లాగేస్తుంది. దానికితోడు నలుగురూ ఏమనుకుంటారోనని ఇంటివాళ్లు గడప దాటనివ్వరు. ఇన్ని కలిశాక బరువు పెరగక ఏమవుతుంది? తీవ్ర మానసిక జబ్బులున్నవారు మిగతావారికంటే 10 నుంచి 20 ఏళ్ల ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చావుల్లో ఎక్కువ భాగానికి కారణం గుండె జబ్బులు, షుగరు వంటి ఒంటి రోగాలే.

లావు చూసి భయపడి కొందరు మాత్రలు మానిపిస్తారు. ఇంతకంటే పెద్ద పొరపాటు లేదు. జబ్బు తిరగబెడితే మళ్లీ మొదటికే వస్తుంది. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా, మెట్‌ఫార్మిన్ లాంటిది జత చేయాలా అన్నది డాక్టరు తేల్చాలి. బీడీ మానేసినా ఆ సంగతి డాక్టరు చెవిన వేయాలి. పొగ ఆపితే ఓలాంజపిన్, క్లోజపిన్ రక్తంలో పెరుగుతాయి కాబట్టి మోతాదు సరిచేయాల్సి రావచ్చు.

మరి "తిండి తగ్గించు, నడువు" అని చెప్పేస్తే సరిపోతుందా? సరిపోదు. అమెరికాలో 2013లో వెలువడిన పరిశోధనలో 291 మందిలో సుమారు సగం మందికి తిండి విషయంలో తోడ్పాటు ఇచ్చారు, అందరూ కలిసి వ్యాయామం చేసేలా చూశారు. 18 నెలల తరువాత వారి బరువు మిగతావారికంటే సగటున 3 కిలోలకు పైగా తగ్గింది. బ్రిటన్‌లో 2018లో ఫలితాలు వచ్చిన మరో పరిశోధనలో నాలుగు వారాల తరగతులు, ఆపైన మూణ్నెల్లకోసారి గుర్తుచేయడం, ఫోను పలకరింపులు జరిగాయి. ఏడాదికి చూస్తే తేడా ఏమీ లేదు. మాట ఒక్కటే పనిచేయదు, తోడు కావాలని వీటినిబట్టి అర్థమవుతుంది.

తోడు విషయంలో మనవాళ్లకు లోటు లేదు. బాగాయంలో రోగి వెంట ఇంటివాళ్లు ఉండే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ తోడు ఇంటికొచ్చాకా సాగాలి. ఒక్కడికి వేరే కంచం పెడితే అది శిక్షలా ఉంటుంది. అందుకే ఇంటి తిండే మారాలి. రేషను బియ్యం అన్నం తగ్గించి కూరలు, ఉలవలు, పెసలు పెంచాలి. రాగి సంగటి మంచిదే, అలాగని ముద్ద మీద ముద్ద తింటే షుగరు పెరగకుండా ఉండదు. రోజుకు ఐదు టీలు తాగే అలవాటుంటే చక్కెర అక్కడే తగ్గించొచ్చు. సాయంత్రం "రారా నాయనా, అలా పోయొద్దాం" అని అన్నో, బావో అరగంట వెంట నడిస్తే సగం పని అయినట్టే. వేలూరు కోట దగ్గర తెల్లారి నడిచేవాళ్లలో ఇతనూ ఒకడైతే తప్పేముంది?

ఇక ఆసుపత్రుల వంతు. మందు మొదలుపెట్టేటప్పుడు, ఆ తరువాత 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకోసారి బరువు చూడాలని అమెరికా షుగరు, మానసిక వైద్య సంఘాలు 2004లోనే సూచించాయి. రక్తంలో షుగరు మొదట్లో, 12 వారాలకు, ఆపైన ఏడాదికోసారి చూడాలి. దీనికి కావలసింది కాటా, కొలత టేపు, చిన్న రక్తపరీక్ష. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకంలో షుగరు, బీపీ మందులు ఇంటికే తెచ్చిస్తున్నారు. ఇంటికి వచ్చే ఆ సిబ్బంది మానసిక రోగులను కూడా అడిగి మరీ పరీక్షించాలి. తెలుగు ఇళ్లలో తెలుగులో నాలుగు మాటలు చెప్పాలి. మానసిక రోగికి మిగతా రోగులతో సమానంగా వైద్యం అందాలని 2017 చట్టమే అంటోంది. "పిచ్చోడికి షుగరు పరీక్ష ఎందుకు" అనే మాట ఇంట్లో గానీ ఆసుపత్రిలో గానీ వినపడకూడదు.

ఈసారి మాత్రల కోసం బస్సెక్కే కుటుంబం డాక్టరును అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, మావాడి బరువు, షుగరు ఎప్పుడు చూశారు?"