పెళ్ళికూతురి సహేలీలు అడిగిన రోజు

పీలేరు నుండి ఒక సోదరి వ్రాసిన లేఖ ఈ నెల నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆమె కుమార్తె నికాహ్ మరో రెండు నెలలలో ఉంది. ఆ అమ్మాయీ, కళాశాలలో తనతో చదివిన ఆరుగురు స్నేహితురాళ్ళూ కలిసి బెంగళూరులో రెండు రోజులు గడపాలని నిశ్చయించుకున్నారు. రిసార్టులో బస, పగలంతా బజారు, రాత్రి కేకు. దానికి బ్యాచిలరెట్ పార్టీ అని పేరు. తండ్రి వినగానే కాదన్నారు. పది రోజులుగా ఆ పిల్ల అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతోందట. “మా కాలంలో ఇలాంటివి లేవు ఆపా. దాని ముఖం చూడలేకపోతున్నాను, అలాగని పంపనూ లేను” అని ఆ తల్లి ఆవేదన.

మన కాలంలో లేవన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నిజంగా లేవా? నా మాంజా నాకు బాగా గుర్తుంది. పసుపుబట్టలు కట్టి నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టిన నాటి నుండి నికాహ్ వరకు నా సహేలీలు నలుగురు మా ఇంట్లోనే ఉండిపోయారు. చాపలు వరుసగా పరచి పడుకున్నాము. నలుగు పెట్టడం, గోరింటాకు నూరడం, ఢోలక్ ముందు పెట్టుకొని రాబోయే అత్తగారినీ ఆడబిడ్డలనూ దక్కనీ పాటలలో ఆటపట్టించడం, మధ్యరాత్రి మిగిలిన ఖీర్ కోసం వంటింట్లోకి దొంగల్లా వెళ్ళడం. ఆ గది గడప దాటి మగవారెవరూ రాలేదు. ఫోటో ఒక్కటి కూడా లేదు. పేరు పెట్టలేదు గాని, అది ఈ పిల్లలు అడుగుతున్నదే.

ఇప్పటి మాంజా ఫంక్షన్ హాలులో జరుగుతోంది. పూలతో వేదిక, చెవులు బద్దలయ్యే సౌండు బాక్సులు, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు, మూడు వందల మంది అతిథులు. సహేలీలను వేదిక మీదికి పిలిచి, రెండు నిమిషాలు నిలబెట్టి, ఫోటో తీసి దింపేస్తారు. పెళ్ళికూతురితో తీరికగా కూర్చొని నవ్వుకొనే గది ఆ హాలులో ఎక్కడుంది? ఆ గదిని మనమే తీసివేశాము. ఇప్పుడు వారు దానిని బెంగళూరు రిసార్టులో వెదుకుతున్నారంటే తప్పంతా పిల్లల మీదనే మోపడం నాకు న్యాయంగా తోచదు.

సహీహ్ బుఖారీలో హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి) చెప్పిన ఒక ఉదంతం ఉంది. ఆమె పెళ్ళినాటి ఉదయం దైవప్రవక్త (స) ఆమె ఇంటికి విచ్చేశారు. అక్కడ బాలికలు దఫ్ వాయిస్తూ, బద్ర్ యుద్ధంలో అమరులైన తమ పెద్దలను తలచుకొని పాడుతున్నారు. వారిలో ఒక బాలిక, రేపటి సంగతి ఎరిగిన ప్రవక్త మన మధ్య ఉన్నారన్న అర్థం వచ్చే చరణం అందుకుంది. దానిని విడిచిపెట్టి, అంతకు ముందు పాడుతున్నదే పాడమని ఆయన చెప్పారు. తప్పుగా ఉన్న ఒక్క చరణాన్ని సరిదిద్దారు, పాటను మాత్రం ఆపలేదు. ఇంట్లో ఆడపిల్లలు ఏదైనా సరదా అడిగినప్పుడల్లా నాకు ఈ ఉదంతమే మనసులో మెదులుతుంది.

అయితే సరిదిద్దవలసిన చరణాలు రిసార్టు ఆలోచనలో ఉన్నాయి, వాటిని దాచను. రాత్రి బస, పక్క బల్లల మీద మద్యం, అందరూ ఒకటిగా దిగే ఈతకొలను, క్షణక్షణానికీ స్టేటస్‌లో ఎక్కే ఫోటోలు. వీటి గురించి మన ఇళ్ళలో వేరే చెప్పనవసరం లేదు. తండ్రులకు వెంటనే కనిపించేవి ఇవే. వారికి కనిపించని మరొకటి ఉంది. అది నిరుడు మా ఇంట్లోనే బయటపడింది.

మా చెల్లెలి కూతురిది చిత్తూరు. అబ్బాయి కువైట్‌లో ఉద్యోగం. నికాహ్ తరువాత తానూ అక్కడికే వెళ్ళాలి. కనుక సహేలీలతో ఒక్కసారి బెంగళూరు అని అదీ అడిగింది. ఏడుగురు అమ్మాయిలు, తలకు 6,500 రూపాయలని లెక్క వేసుకున్నారు. వాట్సాప్‌లో ఆ అంకె పడినప్పటి నుండి ఒక అమ్మాయి మాట్లాడడం మానేసింది. ఆమె తండ్రి దర్జీ. పెద్దకూతురి పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదు. మిగిలినవారు బట్టల రంగులు, గదుల వాటాలు చర్చించుకుంటున్నారు, ఆమె అన్నీ చదువుతోంది, ఒక్క మాట లేదు. ఆ మౌనాన్ని గమనించింది పెళ్ళికూతురే. ఒక రాత్రి నా దగ్గరకు వచ్చి, “ఖాలా, అది డబ్బు లేదని చెప్పదు, జ్వరమనో ఇంటికి చుట్టాలొచ్చారనో చెప్పి మానేస్తుంది. అది లేకుండా నేను వెళ్ళను. దాని వాటా నేను కడితే జన్మలో నా ముఖం చూడదు” అన్నది.

దుబారా గురించి ఖురాన్ చేసిన హెచ్చరికను మనం కట్నాల దగ్గర, విందుల దగ్గర గుర్తు చేసుకుంటాము. స్నేహితుల మధ్య జరిగే ఖర్చు మరొక రకంగా గాయపరుస్తుంది. ఉన్నవారు సరదాగా అనుకున్న అంకె లేనివారిని అబద్ధమాడేలా చేస్తుంది.

అప్పుడు నేను కాగితం తీసుకొని కూర్చున్నాను. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్హ్‌లో స్త్రీ మహ్రమ్ తోడు లేకుండా చేయరాదనే షరయీ ప్రయాణ దూరాన్ని మన ఉలమాలు 48 మైళ్ళు, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కిస్తారు. నేను ఆలిమాను కాను, మీ మస్జిదు ఇమాము గారిని అడిగి నిర్ధారించుకోండి. చిత్తూరు నుండి బెంగళూరు దాదాపు 180, చెన్నై 150. రెండూ పోయాయి. వేలూరు 35 కిలోమీటర్లే. పిల్లలు ముఖం ముడుచుకున్నారు. మన చిత్తూరువారికి వేలూరంటే ఆసుపత్రి మరి. ఆ ఊరి పేరు చెబితే రక్తపరీక్ష చీటీలు గుర్తుకొస్తాయి తప్ప సరదా గుర్తుకు రాదు. కనీసం ఆంబూరు దాకా వెళ్ళి బిర్యానీ తిందామన్నారు. వేలూరు దాటి మరో 50 కిలోమీటర్లు, మొత్తం 85. అదీ పోయింది.

డబ్బు సంగతి మా మరిది తేల్చారు. మాంజా వేదికకు పూల అలంకరణ అని పెట్టుకున్న 15,000 రూపాయలు అటు తిప్పారు. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్, పొరుగు రాష్ట్రపు పర్మిట్, భోజనం అన్నీ అందులోనే. పెళ్ళివారి ఖర్చు గనుక ఎవరూ ఎవరికీ బాకీ లేరు. దర్జీ గారి అమ్మాయి ఆ రోజే గ్రూపులో నోరు విప్పింది. పెళ్ళికొడుకు తల్లికి కూడా ముందే ఫోను చేసి చెప్పించాము. ఫోటోలు స్టేటస్‌లో పెట్టకపోతే చాలునన్నారు. పెళ్ళికూతురి తమ్ముడూ నేనూ తోడు. తిరుపతి నుండి వచ్చే అమ్మాయికి దూరం 100 దాటుతుంది కనుక ఆమె తండ్రి కూడా వచ్చి డ్రైవరు పక్క సీటులో కూర్చున్నారు.

ఫజ్ర్ తరువాత బయలుదేరాము. నరహరిపేట, కాట్పాడి, పాలారు వంతెన. తొమ్మిదికల్లా కోట ముందున్నాము. 16వ శతాబ్దంలో విజయనగరం కాలంలో కట్టిన రాతికోట, చుట్టూ నీళ్ళతో వెడల్పాటి కందకం. లోపల జలకంఠేశ్వరాలయం, మస్జిదు, చర్చి ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆ మస్జిదులో నమాజు జరగదు. కాబట్టి అక్కడికి వెళ్ళేవారు జుహ్ర్ ఎక్కడన్నది ముందే చూసుకోవాలి.

హైదర్ అలీ 1782 డిసెంబరులో మన చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దగ్గర మరణించారు. 1799 మే 4న శ్రీరంగపట్నంలో ఆయన కుమారుడు టిప్పు సుల్తాన్ పోరాడుతూ నేలకొరిగిన తరువాత ఆంగ్లేయులు ఆ కుటుంబాన్ని తెచ్చి ఉంచింది ఈ వేలూరు కోటలోనే. 1806 జులై 9న ఇక్కడ టిప్పు కుమార్తెలలో ఒకరి పెళ్ళి జరిగింది. గడ్డాల మీద, నుదుటి బొట్ల మీద ఆంక్షలు పెట్టి, కొత్తరకం తలపాగా ధరించమన్నందుకు మండిపడుతున్న సిపాయిలు పెళ్ళి సందడి చాటున కూడుకొని, మరునాడు తెల్లవారక ముందే తిరుగుబాటు చేశారు. ఆర్కాటు నుండి వచ్చిన అశ్వదళం అదే రోజు దానిని అణచివేసింది. ఆ తరువాత టిప్పు కుమారులను కలకత్తాకు తరలించారు.

ఇదంతా చెబుతుంటే అప్పటిదాకా చెవిపోగుల గురించి మాట్లాడుకుంటున్న పిల్లలు నిశ్శబ్దమైపోయారు. “ఆ పెళ్ళికూతురికి సహేలీలు ఉండి ఉంటారా ఖాలా?” అని అడిగింది మాది. దర్జీ గారి అమ్మాయి వెంటనే, “ఉన్నా, కోట దాటి బండిలో తిప్పేవాళ్ళు ఎవరుంటారు, నీకున్నట్టు?” అన్నది. అందరూ నవ్వేశారు.

బజారులో గాజులు, ఆర్కాటు మక్కన్ పేడా కొన్నారు. కాట్పాడిలో తిరుపతి వారి బంధువుల ఇంట్లో జుహ్ర్ చేసి, ఆంబూరు పద్ధతిలో జీరక సాంబా బియ్యంతో వండిన బిర్యానీ, వంకాయ కూర పొట్లాలు విప్పుకొన్నాము. మగవారు వసారాలో కూర్చున్నారు. తలుపు మూసి, ఇంటి నుండి తెచ్చిన ఢోలక్ మధ్యలో పెట్టాను. పిల్లలకు పాటలు రావు. మొదటి పాట నేనూ ఆ ఇంటి నానీమా పాడాము, మూడవ పాటకు వారందుకున్నారు. అత్తగారి మీద చరణాలు అక్కడికక్కడే కట్టారు. వాటిని ఇక్కడ వ్రాయడం మర్యాద కాదు. అస్ర్ దాకా ఎవరి ఫోనూ బయటకు రాలేదు. మగ్రిబ్‌కు ముందే చిత్తూరు చేరాము.

పీలేరు సోదరీ, మీకు వేలూరు దూరం. తిరుపతి దగ్గర. చంద్రగిరిలో రాజమహల్, మ్యూజియం ఉన్నాయి. ఆ తరువాత ఎవరో ఒకరి ఇల్లు, తలుపు మూసిన ఒక గది చాలు. మీ వారితో మాట్లాడే ముందు అమ్మాయినే దగ్గర కూర్చోబెట్టుకొని, ఆ ఆరుగురిలో ఎవరు మాట్లాడడం మానేశారో అడగండి. ఆమె ఇంటి పరిస్థితిని బట్టి ఖర్చు వేయండి. ఢోలక్ లేదంటే మాది ఉంది. ఒకవైపు తోలు కొంచెం వదులైంది, బిగించి పంపుతాను.