మౌనం మర్యాద కాదు

‘ఊరుకున్నంత ఉత్తమం లేదు’ అని మన సామెత. కలహాలను నివారించడానికి ఈ మాట ఉపకరించవచ్చు. కాని పలువురు కలిసి ఒక బాధ్యతను నిర్వహించేచోట దీనిని పాటిస్తే అనర్థం తప్పదు. తప్పు జరుగుతున్నదని తెలిసినవాడు పెదవి విప్పకపోతే దాని ఫలితాన్ని అందరూ అనుభవించవలసి వస్తుంది.

భయం లేకుండా సందేహం అడగడానికి, పొరపాటును చెప్పుకోవడానికి, పై అధికారితో విభేదించడానికి అవకాశమున్న స్థితిని ‘మానసిక భద్రత’ అంటారు. హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ 1990వ దశకంలో ఆసుపత్రి బృందాలను పరిశీలించారు. సమర్థమైన బృందాలలో మందులకు సంబంధించిన పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె భావించారు. తీరా చూస్తే అక్కడే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆ బృందాలవారు పొరపాట్లను దాచకుండా చెబుతున్నారని ఆమె గ్రహించారు. దాచినచోట లెక్క తగ్గుతుంది గాని ప్రమాదం తగ్గదు.

మౌనం ఎంతటి మూల్యం కోరుతుందో కొలంబియా అంతరిక్ష నౌక విషాదం తెలుపుతుంది. 2003 జనవరి 16న ఆ నౌక బయలుదేరిన కొద్దిసేపటికే ఇంధనపు తొట్టి నుంచి ఊడిన నురుగు ముక్క దాని ఎడమ రెక్కను తాకింది. రెక్కను ఛాయాచిత్రాలు తీయించి పరిశీలించాలని నాసా ఇంజనీర్లు కోరారు. ఆ కోరిక నెరవేరలేదు. ప్రమాదం ఉన్నదని నిరూపించవలసిన భారం వారిమీదనే పడింది. ఒక ఇంజనీరు తన ఆందోళనను లేఖగా రాసుకొని కూడా పై అధికారులకు పంపలేదు. ఫిబ్రవరి 1న నౌక తిరిగివస్తూ ఛిన్నాభిన్నమైంది. భారతదేశంలో పుట్టిన కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు. ఈ ప్రమాదానికి నురుగు ముక్క ఎంత కారణమో, ఆ సంస్థ పనితీరు కూడా అంతే కారణమని విచారణ సంఘం తేల్చింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన శ్రీహరికోటలోనే ఉన్నది. 1979 ఆగస్టు 10న ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ బంగాళాఖాతంలో కూలిపోయింది. ఆ ప్రాజెక్టుకు అబ్దుల్ కలాం నాయకుడు. అయినా ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ తానే విలేకరుల ఎదుటికి వచ్చి వైఫల్యానికి బాధ్యత వహించారు. 1980 జూలై 18న ప్రయోగం ఫలించినప్పుడు మాత్రం కలాంనే మాట్లాడమన్నారు. కలాం పలు సభలలో స్వయంగా చెప్పిన ఉదంతమిది. నింద నాయకుడు మోసినచోట సహచరులకు నిజం దాచవలసిన అవసరం రాదు.

ఇట్టి స్వేచ్ఛ వల్ల క్రమశిక్షణ సడలుతుందని కొందరి శంక. అందరి మాట వినడమంటే అందరి మాట చెల్లించడం కాదు. నిర్ణయం నాయకునిదే, అయితే అది విన్న తరువాత తీసుకోవలసిన నిర్ణయం. నిర్లక్ష్యాన్ని ఉపేక్షించడమూ మానసిక భద్రత కాదు. పొరపాటు జరిగినప్పుడు ‘ఎవరు చేశారు?’ అనడానికి ముందు ‘ఎలా జరిగింది?’ అని అడగడమే దాని లక్షణం.

ధైర్యంగా మాట్లాడండని ఉద్యోగులకు హితవు చెప్పడం సులభం. కాని మాట్లాడినవాడు అవమానం పాలైతే మరునాడు నోరు విప్పేవారుండరు. కనుక ఈ విషయంలో మొదటి బాధ్యత వినవలసినవారిదే. సమావేశంలో చిన్నవారి అభిప్రాయాన్ని ముందుగా అడగడం, చేదు వార్త తెచ్చినవారిని అభినందించడం నాయకులు అలవరచుకోవాలి. ఈ అలవాటు ఉద్యోగంలో చేరాక ఒక్కసారిగా అబ్బదు. ప్రయోగశాలలో తోటి విద్యార్థి అడిగిన సందేహానికి నవ్వకుండా ఉండడంతో దీనిని నేడే ప్రారంభించవచ్చు.