మన మురుగు ఎక్కడికి పోతోంది?



మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసింది నేనే మొదట. మా నాన్న కాంట్రాక్టరు కింద డ్రైనేజీ పని చేసేవాడు. రాత్రి బయటే స్నానం చేసి గానీ గడప తొక్కేవాడు కాదు. ఇప్పుడు నేను మైక్రోబయాలజీ చదువుతున్నాను. ఆయన చేత్తో ఎత్తిన మురుగునే నేను మైక్రోస్కోపు కింద చూస్తున్నాను.

పురానాపూల్ దాటేటప్పుడు మనమంతా ముక్కు మూసుకుని "మూసీ కంపు" అంటాం. నిజానికి ఆ కంపు మన ఇళ్ళ నుంచి పోయిందే. 1908 వరద తర్వాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఊళ్ళోకి వచ్చేసరికి నదిలో ఎక్కువగా పారేది నాలాల మురుగే.

నీటిలో మలం కలిసిందో లేదో కంటికి తెలియదు. అందుకే పేగుల్లో ఉండే ఫీకల్ కోలిఫాం బ్యాక్టీరియాను లెక్కపెడతారు. స్నానం చేసే నీటిలో వంద మిల్లీలీటర్లకు 2,500 మించకూడదు. తాగే నీటిలో అసలు ఉండకూడదు. ఉందంటే కలరా, టైఫాయిడ్ క్రిములకూ దారి తెరిచినట్టే. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు చనిపోయారు.

ఊరనేదే లేని అంటార్కిటికాలోనూ ఇదే జరిగింది. వేసవిలో సుమారు వెయ్యిమంది ఉండే అమెరికా వారి మెక్‌మర్డో స్థావరం 2003 దాకా మురుగును శుద్ధి చేయకుండానే సముద్రంలోకి వదిలింది. ఆ మంచు నీళ్ళలోనూ ఈ బ్యాక్టీరియా దొరికింది. చివరికి శుద్ధి ప్లాంటు పెట్టక తప్పలేదు.

మనకు అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల ప్లాంటు ఉంది. కానీ నాలా నేరుగా నదిలో పడితే ప్లాంటు ఉండి ఏం లాభం? 2017లో మూసీ తీర అభివృద్ధికి కార్పొరేషన్ పెట్టారు. ఒడ్డున పార్కులు వద్దనను. ముందు నాలాలను ప్లాంట్లకు మళ్ళించాలి. తీరంలో గుడిసెలు లేపినంత మాత్రాన కోలిఫాం తగ్గదు. అపార్టుమెంట్ల మురుగూ అందులోకే వస్తోంది.

ఇక మ్యాన్‌హోల్‌లోకి మిషన్ దిగాలి, మనిషి కాదు. మురుగు కాల్వలో చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ పిల్లవాడికైనా ఆ డబ్బు కంటే నాన్న ఇంటికి రావడమే ముఖ్యం.

1927లో మహద్ చెరువులో అంబేద్కర్ దోసిలి పట్టింది నీటిపై మన హక్కు కోసం. శుభ్రమైన నీరూ ఆ హక్కులో భాగమే. మన హాస్టల్ నుంచే మొదలుపెడదాం. ట్యాంకు ఎప్పుడు కడిగారో అడుగుదాం. వానలు పడగానే కుళాయి నీళ్ళు పరీక్ష చేయించమని వార్డెన్ గారిని అడుగుదాం. సీసా పట్టుకుని ల్యాబుకు మీతో నేనూ వస్తాను.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ.