బస్సు అంటే ‘కి’!

రోజూ ఎక్కి దిగే బస్సు పేరుకి అసలు అర్థం ఏంటో తెలుసా? బండి అనుకుంటున్నారా? కాదు. ఉత్త ‘కి’. ‘ఊరికి’, ‘అక్కకి’ అంటామే, ఆ ‘కి’ అన్నమాట!

ఈ మాట పుట్టిల్లు లాటిన్. అందులో ‘ఓమ్నిస్’ అంటే ప్రతి, మొత్తం అని అర్థం. మన విభక్తుల్లాగే అక్కడా మాట తోక మారితే పని మారుతుంది. ఓమ్నేస్ అంటే ‘అందరూ’. ఓమ్నియుమ్ అంటే ‘అందరి’. ఓమ్నిబుస్ అంటే ‘అందరికీ’. ‘అందరితో’, ‘అందరి నుంచి’ అనాలన్నా ఓమ్నిబుస్సే. ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా ఒకటే రూపం.

1820ల్లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగరంలో స్టానిస్లాస్ బోద్రీ అనే ఆయన గుర్రబ్బండ్లు తిప్పాడు. ముందుగా బుక్ చేసుకునే పని లేదు. డబ్బులిస్తే దారిలో ఎవరైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు. ఆ బండ్లకి ఓమ్నిబుస్ అనే పేరు స్థిరపడింది. 1829లో జార్జ్ షిల్లిబీర్ అదే పేరుతో లండన్‌లో మొదలుపెట్టాడు. అంత పొడుగు మాట పలికే ఓపిక జనానికి ఎక్కడిది? ఫోటోగ్రాఫ్‌ని ఫోటో చేసినట్టే దీన్నీ కోసేశారు. కాకపోతే అక్కడ తల మిగిలింది, ఇక్కడ తోక మిగిలింది. ‘అందరి’ పోయి ‘కి’ నిలిచింది. తెగిపోయిన తల ఎప్పటికో మారుతి ఓమ్ని వ్యాన్ పేరులో తేలింది!

ఇంకో తమాషా. మనం ‘బస్సులకి’ అంటాం కదా? అందులో బహువచనం రెండుసార్లు, ‘కి’ రెండుసార్లు ఉన్నట్టే!

మాటలోంచి ‘అందరి’ పోతే నష్టం లేదు. బస్సులోంచి పోతేనే కష్టం. అమెరికాలోని మాంట్‌గోమరీలో సిటీ బస్సుల్లో నల్లజాతివాళ్లకి సీట్లు వేరు. 1955 డిసెంబరు 1న తెల్లజాతి ప్రయాణికుడి కోసం లేవమని డ్రైవర్ అంటే, రోజా పార్క్స్ లేవలేదు. ఆమెను అరెస్టు చేశారు. అంతే, ఆ ఊళ్లో నల్లజాతి జనం బస్సెక్కడం మానేశారు. నడిచారు, కార్లు పంచుకున్నారు. ఒకటీ రెండూ కాదు, 381 రోజులు! చివరికి 1956లో సుప్రీంకోర్టు తీర్పుతో ఆ వేరు సీట్ల పద్ధతి పోయింది.

‘అందరికీ’ అని పేరు పెట్టుకున్న బండిలో అందరికీ సీటు దొరకడానికి వందేళ్లు దాటింది.