బడి ముందు బారులు, మఠంలో ఖాళీలు

ఢిల్లీలో గోల్‌ డాక్‌ఖానా దగ్గరున్న కాన్వెంట్ ఆఫ్ జీసస్ అండ్ మేరీలో కూతురికి సీటు దొరికితే చాలనుకునే తల్లిదండ్రులకు నేటికీ కొదవ లేదు. 1919లో మొదలైన ఆ బడిలో బర్మా నేత ఆంగ్ సాన్ సూకీ కూడా చదువుకున్నారు. అయితే కూతురు అలాంటి బడిని నడిపే సిస్టర్ కావాలని కోరుకునేవారు ఆ బారులో అరుదు. కాన్వెంట్ చదువుకు గిరాకీ తగ్గలేదు. తగ్గుతున్నది మఠంలో చేరే అమ్మాయిలే.

ప్రపంచమంతటా ఇదే తీరు. 1970లో 10 లక్షలకు పైగా ఉన్న క్యాథలిక్ సన్యాసినులు 2022 చివరికి 6 లక్షల లోపుకు పడిపోయారు. అమెరికాలో 1965లో దాదాపు 1.80 లక్షల మంది ఉండగా ఇప్పుడు 40,000 మంది కూడా లేరు. లక్షకు పైగా సిస్టర్లున్న భారత్ వీటికంటే నయం. కానీ దశాబ్దాలపాటు ఉత్తరాది బళ్లకు, ఆస్పత్రులకు సిస్టర్లను పంపిన కేరళలో ఇప్పుడు ఇంటికి ఒకరిద్దరే పిల్లలు. అయిదుగురు, అంతకు మించి పిల్లలున్న కుటుంబాలకు సాయం చేస్తామని 2021లో పాలా డయోసిస్ ప్రకటించింది.

భక్తి తగ్గిందని సరిపెట్టుకోవడానికి లేదు. ఒకప్పుడు పేద క్రైస్తవ కుటుంబంలోని ఆడపిల్లకు చదువు, వృత్తి, ఊరు దాటే వీలు మఠంలోనే దొరికేవి. అక్కడా అన్ని తలుపులూ తెరిచి లేవు. 1920లో గుంటూరు వచ్చిన ఆస్ట్రేలియా డాక్టర్ మేరీ గ్లోరీ సన్యాసిని అయ్యాక వైద్యం చేయడానికి పోప్ ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. సిస్టర్ల వైద్యవృత్తికి చర్చి 1936లో గానీ తలుపు తెరవలేదు. ఢిల్లీ ఓఖ్లాలో 1953లో హోలీ ఫ్యామిలీ ఆస్పత్రిని స్థాపించిన మెడికల్ మిషన్ సిస్టర్లు ఆ మార్పు ఫలం. ఇవాళ నర్సు కావడానికి ముసుగు అక్కర్లేదు. కేరళ అమ్మాయి ఢిల్లీ ఆస్పత్రిలో నాలుగేళ్లు పనిచేసి, గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్లి ఇంటికి డబ్బు పంపుతోంది.

కేరళ లోటును ఇప్పుడు జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల ఆదివాసీ పల్లెలు, ఈశాన్య రాష్ట్రాలు పూడుస్తున్నాయి. ఇది పూర్తిగా కొత్త కాదు. పెళ్లి వద్దన్న నలుగురు ఒరావ్ అమ్మాయిలతో రాంచీలో 1897లోనే డాటర్స్ ఆఫ్ సెయింట్ ఆన్ సంఘం మొదలైంది. అదే ప్రాంతం నుంచి ఇంటిపనికి ఢిల్లీ రైలెక్కే అమ్మాయిలూ ఉన్నారు. గుర్గావ్ ఫ్లాట్‌లో అంట్లు తోమే అమ్మాయి, ఆదివారం చర్చిలో ఆమెను పలకరించే సిస్టర్ ఒకే ఊరివాళ్లు కావచ్చు.

ఆ సిస్టర్ భద్రత మాటేమిటి? 17 ఏళ్లు నిండనిదే నోవిషియేట్‌లో చేర్చుకోకూడదని, 21 నిండాకే శాశ్వత ప్రమాణాలు చేయించాలని చర్చి చట్టం. పేదరికం ప్రమాణం వల్ల ఆమె జీతం సంఘానికే చెందుతుంది. ఎయిడెడ్ బళ్లలో పనిచేసే సిస్టర్ల జీతంలోనూ ఆదాయపు పన్ను కోయాల్సిందేనని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే పన్ను లెక్కలో జీతం ఆమెది, ఖర్చు లెక్కలో సంఘానిది. ఆమె సంఘాన్ని వీడితే మాత్రం చేసిన పనికి ఏమీ అడగరాదని చర్చి చట్టంలోని 702వ నియమం చెబుతోంది. వెళ్లిపోయేవారిని న్యాయంగా, దయతో చూడాలని కూడా అదే నియమం సంఘాన్ని ఆదేశిస్తోంది. ఆ దయ ఎంతో మాత్రం అందులో లేదు.

ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పి, నలభయ్యో ఏట వట్టి చేతులతో బయటికి రావాల్సి వస్తుందన్న భయం ఉన్నచోట ఉండిపోవడాన్ని పూర్తిగా ఇష్టమనలేం. మఠాల్లో చేరేవారు తగ్గుతున్నారని దిగులుపడే పెద్దలు ముందు ఆ భయం తీర్చాలి. కేరళ అమ్మాయికి బయట నాలుగు దారులున్నాయి. జార్ఖండ్ అమ్మాయికి అన్ని లేవు. కాబట్టే ఆమెకు చెప్పాల్సిన జవాబు మరింత పెద్దది.