బండి చేతులు మారింది, పేరు మారలేదు

దీపావళి బోనసు మాట మొదలైందంటే నన్ను అడిగే ప్రశ్నలు కూడా మారిపోతాయి. పీఎఫ్ గురించి, పింఛను గురించి అడిగేవాళ్ళంతా "పెద్దాయనా, పాత బండి ఒకటి చూసినాము, కొనొచ్చునా?" అంటారు. ఈ నెల ముగ్గురు అడిగినారు. కోవిల్‌పట్టి లైను ఇళ్ళ నుంచి ఒక కోడలు పిల్ల. భర్తకు రాత్రి షిఫ్టు, మిల్లు వ్యాను వాళ్ళ వీధి దాకా రాదు. 32,000కు స్ప్లెండర్ ఒకటి కుదిరిందంట. ఆర్.సి. బుక్కులో మాత్రం ఇప్పుడు అమ్మేవాడి పేరు లేదు, అంతకు ముందు ఓనరు పేరే ఉందంట. సాత్తూరు పక్క నుంచి ఒక తమ్ముడు పాత ఎక్సెల్ గురించి అడిగినాడు. విరుదునగర్ నుంచి ఒకాయన, చనిపోయిన తన నాయన పేరు మీద ఉన్న బండి సంగతి అడిగినాడు. ముగ్గురికీ ఇక్కడే చెప్తా, మిగిలినవాళ్ళకూ పనికొస్తుంది.

మొదట ఒక మాట. బోనసు చేతికొచ్చిన వారంలో బండి కొనకండి. అమ్మేవాడికి ఆ సంగతి మనకంటే ముందే తెలుసు. పండగ దాటనీయండి, పొంగలి కూడా దాటితే ఇంకా మంచిది.

బండి చూడటానికి పొద్దున్నే పోండి. ముందు రోజే ఫోను చేసి "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని చెప్పండి. పోగానే సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకొద్దు. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేసినాడో అడగండి. చల్లని ఇంజను ఎన్ని కిక్కులకు లేస్తుందో అదే దాని అసలు ఆరోగ్యం. లేచినాక పొగ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తే లోపల ఆయిలు మండుతోంది, రింగులో వాల్వు సీలో పోయుంటుంది, ఖర్చు పెద్దది. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బరేటరు సర్దితే తీరొచ్చు. చలి పొద్దున కొంచెం తెల్ల ఆవిరి వచ్చి ఆగిపోతే భయం లేదు. పాత టీవీఎస్ 50, ఎక్సెల్ సూపర్ లాంటివి పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోకు బండ్లు, వాటికి కొంచెం పొగ ఉండేదే.

ఇంక చెవి పెట్టండి. రింగు ఫ్రేముల దగ్గర పనిచేసినవాళ్ళకు ఇది నేను నేర్పక్కర్లేదు. అన్ని స్పిండిళ్ళు తిరిగే గోలలో కూడా ఒక్క బేరింగు పోతే మనకు తెలిసిపోతుంది. అదే చెవి ఇంజను పక్కన పెట్టండి. టకటకమని ఇనుము కొట్టుకుంటున్నట్టు వినబడితే మెకానిక్కు చూడకుండా మాట ఇవ్వొద్దు.

మీటరు 18,000 కిలోమీటర్లు అంటుంది. కిక్కరు రబ్బరు, ఫుట్ రెస్టు రబ్బరు, బ్రేకు పెడలు చూడండి. అవి అరిగి నున్నగా మెరుస్తుంటే మీటరును నమ్మకండి. మీటరు తిప్పేవాళ్ళు ఉన్నారు, అరిగిన పెడలుకు ఇనుము పెంచేవాడు లేడు. టైరు పక్కన గుడ్డు ఆకారం గుర్తులో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో చేసిన టైరు. వెనక పళ్ళ చక్రం మీద చైనును వేలితో వెనక్కి లాగండి. పళ్ళు బయటికి కనబడేంత లేస్తే చైనూ స్ప్రాకెట్లూ కలిపి మార్చాలి. ఒకటే మారిస్తే కొత్తదాన్ని పాతది తినేస్తుంది. సెంటర్ స్టాండు వేసి, ఒకరు వెనక నొక్కితే ముందు చక్రం లేస్తుంది. అప్పుడు హ్యాండిలు మెల్లగా అటూ ఇటూ తిప్పండి. నడిమిలో గుంటలో పడినట్టు ఆగితే కోన్ సెట్టు పోయింది. చక్రాలు తడిపి తిన్నగా తోలి వెనక్కి వచ్చి చూడండి. ముందు టైరు గుర్తు, వెనక టైరు గుర్తు పక్కపక్కన రెండు గీతలుగా పడితే బండి ఎక్కడో గుద్దుకుంది, లేదంటే వెనక చక్రం వంకరగా బిగించినారు. ఏదో తేల్చుకున్నాకే బేరం.

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్.సి.తో ఒక్కొక్క అక్షరం పెట్టి చూసుకోండి. గీకినట్టు, మళ్ళీ కొట్టినట్టు ఉంటే అక్కడ నిలబడొద్దు.

నంబరు ప్లేటు కూడా కొంత కథ చెప్తుంది. టీఎన్ 67 విరుదునగర్, 95 శివకాశి, 96 కోవిల్‌పట్టి, 69 తూత్తుకుడి. కోడలు పిల్ల చూసింది 69 బండి. 69 అంటే తప్పని కాదు, మన చుట్టూ అవే ఎక్కువ. కానీ 2023 డిసెంబర్ 17, 18 తేదీల వాన మరిచిపోకూడదు. కాయల్‌పట్టణంలో ఒక్క దినంలో 90 సెంటీమీటర్లు దాటి కురిసింది. చెరువులు తెగినాయి, తూత్తుకుడిలో వీధులు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. ఆ నీళ్ళలో మునిగిన బండ్లన్నీ పాత ఇనుముకు పోలేదు. కడిగి, ఎండబెట్టి, కొత్త స్టిక్కరు అంటిస్తే కంటికి బాగానే ఉంటాయి. అందుకని సీటు తీయించండి. మూలల్లో సన్నని బురద పొర ఉందా చూడండి. వైర్లు కలిసే చోట్ల పచ్చని చిలుము పట్టిందా, మీటరు అద్దం లోపల నీటి మచ్చ ఉందా, హెడ్ లైటు గిన్నె లోపల తుప్పు ఉందా చూడండి. ఆయిలు మూత తీస్తే ఆయిలు పాలు కలిపిన టీ లాగా ఉంటే లోపల నీళ్ళు చేరినాయి. పెట్రోలు ట్యాంకులో టార్చి కొట్టి అడుగు చూడండి. మునిగిన బండి ఇంజను బాగైనా వైరింగు ఏడిపిస్తుంది. ఈరోజు హారను, రేపు లైటు, ఆ తర్వాత అర్ధరాత్రి షిఫ్టు దోవలో బండే ఆగిపోతుంది. నా మటుకు నేను మునిగిన బండి సగం ధరకు ఇచ్చినా కొనమని చెప్పను.

ఇంతదాకా చెప్పింది ఇనుము సంగతి. ఇనుముకు మెకానిక్కు ఉన్నాడు. ఇంక కాగితం సంగతి. అమ్మా కోడలా, నీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది ధర కాదు, ఆర్.సి.లో ఉన్న ఆ పాత పేరు. "ఫారం 29, 30 సంతకం పెట్టించి ఉంచినా, ఎప్పుడైనా మార్చుకోండి" అని అమ్మేవాడు అన్నాడంట. ఈ మాట ఊరంతా అనేదే.

మా పక్క వీధిలో ఒకాయన ఇట్లాగే ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి బ్రోకరుకు బండి ఇచ్చేసినాడు. తేదీ లేదు, నకలు లేదు. రెండేళ్ళ తర్వాత కోర్టు నోటీసు వచ్చింది. ఆ బండి ఎవరో తోలుతూ వేరే జిల్లాలో ఒక ముసలాయన్ని గుద్దింది. ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. ఆర్.సి.లో పేరు ఈయనదే. బండి ఏ రంగుకు మారిందో కూడా ఈయనకు తెలియదు, గ్రాట్యుటీ డబ్బు మాత్రం వకీలుకు పోతోంది. ఇది అన్యాయం కాదా అంటారు. చట్టం అట్లా చూడదు. మోటారు వాహనాల చట్టంలో ఎవరి పేరు మీద రిజిస్టరు అయిందో వాళ్ళే ఓనరు. ఒక కారు చేతులు మారి మారి పోయిన కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అమ్మినా సరే, రిజిస్టరులో పేరు ఉన్నవాడే నష్టపరిహారం కట్టాలి అని. కాబట్టి అమ్మేవాళ్ళు కూడా ఇది చదవాలి. అమ్మిన 14 రోజుల లోపల ఆర్.టీ.ఓ.కు తెలపాలి, కొన్నవాళ్ళు 30 రోజుల లోపల పేరు మార్పుకు వెయ్యాలి.

"పేరు పాత ఓనరుది ఉంటే చిక్కు ఆయనకే కదా, మాకేమి?" అంటారు కొందరు తెలివిగా. మీకేమో చెప్తా వినండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అంటే మన బండి తగిలి దెబ్బ తిన్న ఎదుటివాళ్ళకు ఇచ్చేది. మన మనిషి తనంతట తాను జారి పడితే అది పైసా ఇవ్వదు. దానికి ఓనరు డ్రైవరుకని వేరే ప్రమాద బీమా ఉంది, 15 లక్షలు. అది రావాలంటే తోలేవాడి దగ్గర లైసెన్సు ఉండాలి, ఆర్.సి.లో ఆయన పేరే ఉండాలి, పాలసీలోనూ ఆ పేరే ఉండాలి. బండి అమ్మితే పాత ఓనరు బీమా కొత్తవాడికి రాదు, మనం మన పేరున కట్టుకోవాలి. రాత్రి షిఫ్టు విడిచి నాలుగు వరసల రోడ్డు మీద వచ్చే మనిషికి ఏమన్నా అయితే, ఆర్.సి.లో ఎవరిదో పేరు ఉంటే, ఆ ఇంటి ఆడమనిషి చేతికి ఆ 15 లక్షలు రావు. నోరు మంచిది కాదని ఇట్లాంటివి రాయకుండా ఉండలేను. మన లైను ఇళ్ళలో ఎన్ని బండ్లు ఇంకా వేరేవాళ్ళ పేర్ల మీద తిరుగుతున్నాయో మీరే లెక్క పెట్టండి.

అందుకని ఆ పిల్లకు నా మాట ఇది. అసలు ఓనరును రమ్మనండి, లేదంటే ఆయన ఊరికి మీరే పోండి. మనిషి దొరకకపోతే బండి ఎంత బాగున్నా వదిలేయండి. దొరికితే ఫారం 29 రెండు, ఫారం 30 ఒకటి ఆయన ఎదురుగా నింపి తేదీ వేయించండి. ఆర్.సి.లో బ్యాంకు పేరో ఫైనాన్సు కంపెనీ పేరో ఉంటే "అప్పు ఎప్పుడో తీరింది" అనే నోటిమాట చాలదు. వాళ్ళ నో అబ్జెక్షను కాగితం, వాళ్ళ సంతకంతో ఫారం 35 కావాలి. ఇంట్లో పిల్లలకు ఫోనులో ఎంపరివాహన్ తీయమని చెప్పి బండి నంబరు కొట్టించండి. ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంది, రిజిస్ట్రేషను ఎప్పటిదాకా ఉంది అన్నీ కనబడతాయి. పోలీసు ఫైన్లు బాకీ ఉన్నాయా అనేదీ చూసుకోవచ్చు. బండి చేతికి తీసుకునే దినం డెలివరీ నోటు రాసుకోండి, అందులో తేదీతో పాటు గంట కూడా వేయండి. ఆ గంటకు ముందు బండి చేసింది వాళ్ళది, తర్వాతది మీది. 32,000లో అయిదారు వేలు ఆపుకొని, పేరు మారినాక ఇస్తామని చెప్పండి. ఒప్పుకోనివాడు పేరు మార్పుకు తిరగడు. పేరు మారినాక ఇన్సూరెన్సు కంపెనీకి కూడా తెలిపి మీ పేరుకు మార్చుకోవాలి, దీనికి గడువు 14 రోజులు.

పదిహేనేళ్ళు దాటిన బండి చవగ్గా వస్తుంది. రిజిస్ట్రేషను మళ్ళీ చేయించుకోవాలి, అయిదేళ్ళకొకసారి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు మోటారు సైకిలుకు 300 నుంచి 1,000 చేసినారు, కారుకు 600 నుంచి 5,000. పైన గ్రీన్ టాక్సు వేరే. ధరలో ఇది కూడా కలుపుకొని లెక్క వేయండి. కారు గురించి పెద్దగా చెప్పను. ఏడాదికి రెండుసార్లు కులదైవం గుడికి పోవడానికి కారు కొనేవాళ్ళను చూసినా. వాళ్ళకు బాడుగ కారే మేలు.

సాత్తూరు తమ్ముడూ, నీ ఎక్సెల్‌కు మన కరిసల్ నేలే శత్రువు. ఎండకు దుమ్ము, అయిప్పసి వానకు జిగట బురద. ఆ బురద మడ్‌గార్డుకూ చైనుకూ పట్టి ఎండితే గట్టి రాయి. వాన దినాల్లో ఇంటికి రాగానే ఒక బక్కెట్టు నీళ్ళు పోసి రుద్దేయి. చైను ఆరినాక గేరు ఆయిలు వేయి, మెకానిక్కు షాపులో ఊరికే వచ్చే కాలిన ఆయిలు వద్దు, అందులో ఇనుప పొడి ఉంటుంది. చైను వేలితో ఎత్తితే సుమారు అంగుళం ఆడాలి. మరీ బిగిస్తే బేరింగు పోతుంది. ఎయిర్ ఫిల్టరును మన ఊళ్ళలో పుస్తకంలో రాసిన దూరం కంటే ముందే తుడవాలి. ఇంకొకటి, పట్టాసు బస్తా వెనక కట్టుకొని పోయే పని ఎవరు చెప్పినా చేయొద్దు, కింద సైలెన్సరు కాలుతుంటుంది. పదిహేనేళ్ళ కొడుక్కి బండి ఇచ్చి అంగడికి పంపటం కూడా వద్దు. 2019 మార్పు తర్వాత పిల్లవాడు తోలితే ఓనరుకో తల్లిదండ్రులకో మూడేళ్ళ దాకా జైలు, 25,000 ఫైను, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు.

విరుదునగర్ అన్నకు. నాయన పోయినాక 30 రోజుల లోపల ఆర్.టీ.ఓ.కు తెలిపి, మూడు నెలల లోపల ఫారం 31 వేసి పేరు మార్చుకోవాలి. మీకు ఆ గడువు దాటిపోయింది, ఆలస్యానికి ఫీజు కట్టమంటారు, కట్టేయండి. మరణ సర్టిఫికెట్టు, తాసీల్దారు ఇచ్చే వారసుల సర్టిఫికెట్టు, ఆర్.సి., ఇన్సూరెన్సు, మీ ఆధారు పట్టుకొని పోండి. అమ్మ, అక్కచెల్లెళ్ళు వారసుల్లో ఉంటారు కాబట్టి వాళ్ళ ఒప్పుదల కాగితం కూడా ముందే రాయించుకోండి. పేరు మారేదాకా బండి నీడలో ఉండనీయండి, వారానికొకసారి స్టార్ట్ చేసి ఆపితే చాలు.